రేకుల హాల్లో పూనకం

ఆ సినిమా నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి మాట వినబడకుండా, రెండోసారి ముసలితనంలో టీవీలో, మాటతో సహా. మాట లేకుండా చూసిందే నాకు గుర్తుంది. రెండోసారి చూసింది ఇంకేదో సినిమాలా అనిపించి, సగంలో లేచి అన్నం వండుకున్నాను.

మాది శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్‌కి ఓడెక్కి వచ్చిన చేపలు పట్టే కుటుంబం. మిన్నీ బే ఒడ్డున ఉండేవాళ్ళం. అయ్యని సముద్రం తీసుకుపోయాక ఇంట్లో మాట అమ్మదే. నన్ను మేనమామ కొడుక్కి ఇవ్వాలని అనుకున్నారు. బావ అంటే నాకు ఇష్టమే. ఇష్టమని చెప్పే అలవాటు మా ఇళ్ళలో లేదు, కానీ అతని పడవ వచ్చే వేళకి నాకు ఒడ్డున ఏదో ఒక పని ఉండేది. వానలు వెనకబట్టాక గంగమ్మ పండగ, ఆ తర్వాత పెళ్ళి అనుకున్నారు.

అప్పట్లో పోర్ట్ బ్లెయిర్‌కి సినిమా డబ్బాలు కూడా ఓడలోనే వచ్చేవి. ఓడ దింపిన బొమ్మ మళ్ళీ ఓడ వచ్చేదాకా ఆడేది. నచ్చినా అదే, నచ్చకపోయినా అదే. ఆ వానల్లో దిగింది ఒక హిందీ బొమ్మ. అమ్మ, నేను, ఒడ్డున ఉన్న ఆడవాళ్ళం కొందరం మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. బొమ్మ మొదలైన కాసేపటికే వాన ఎత్తుకుంది. రేకుల హాలు కదా, ఆ చప్పుడులో పక్క మనిషి మాటే వినబడదు, తెర మీదివాళ్ళ మాట ఎక్కడ వినబడుతుంది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. తెర మీది నుంచి వచ్చే తెల్లటి వెలుగు మా మొహాల మీద నీళ్ళలా కదిలేది. అందరం కలిసి సముద్రం అడుగున కూర్చుని, పైన ఎవరిదో బతుకు చూస్తున్నట్టు ఉండేది.

కథ గడియారాలు బాగుచేసే మనిషిది. కళ్ళద్దాలు, నెమ్మదైన నడక. చీమ అడ్డమొస్తే పక్కకి తిరిగి వెళ్ళే రకం. సాయంత్రమైతే అద్దం ముందు నిలబడేవాడు. నిలబడగానే మెడ ఒక పక్కకి లాగేసేది, కళ్ళు పైకి పోయేవి, ఒళ్ళంతా వణికేది. ఆ వణుకు ఆగేసరికి కళ్ళద్దాలు తీసేసి, వేరే నడకతో వీధిలోకి పోయి ఒక ఆడమనిషిని చంపి వచ్చేవాడు. పొద్దున్నే మళ్ళీ గడియారాల ముందు, ఏమీ ఎరగనట్టు.

ఆ మెడ లాగుడు, ఆ కనుగుడ్లు మాకు కొత్త కాదు. ఒడ్డున గంగమ్మ పూనినప్పుడు ఏటేటా చూసేవే. మాకు తెలిసింది మేం చేశాం. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి చేతులు జోడించింది. ఇంకో నలుగురు లేచారు. మా అమ్మ అయితే గొంతెత్తి, పూనకం వచ్చినవాళ్ళని అడిగే మాటే అడిగింది.

"ఎవరమ్మా నువ్వు? ఏటి కావాలి నీకు? ఆ బాబుని ఒగ్గీసి పో తల్లీ."

టార్చిలైటు పట్టుకుని గేటు మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"బైఠో అమ్మా, బైఠో. పిక్చర్ హై యే."

"పిక్చరైతే ఏటి భయ్యా, అమ్మ అమ్మే," అని అమ్మ కూర్చుంది. కోపంగానే కూర్చుంది.

చివర్లో ఒక డాక్టరు చాలాసేపు ఏదో చెప్పాడు. అప్పుడే వాన మరీ ఎక్కువైంది. బయటికి వచ్చాక మా ఆడవాళ్ళు తేల్చింది ఏమిటంటే, ఆ ఇంట్లో ఎవరో అమ్మవారికి మొక్కుబడి ఎగ్గొట్టారు. సినిమావాళ్ళకి ఆ సంగతి చూపించడం చేతకాలేదు.

అంతటితో పోతే బాగుండేది. ఆస్టినాబాద్‌లో మాకు తెలిసిన ఒక క్రైస్తవులావిడ ఉండేది. తెలుగు బైబిలు గడగడా చదివేది. తర్వాత ఎన్నో ఏళ్ళకి నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆమె ఆ బొమ్మని వాన లేని రోజు చూసింది. అమ్మ చేపలు తీసుకెళ్ళినప్పుడు అసలు సంగతి చెప్పేసింది.

"దేవతా కాదు, దెయ్యమూ కాదు పిన్నీ. మనిషి ఒకడే, లోపల ఇద్దరు. లోపలివాడు ఏం చేశాడో పైవాడికి తెలీదు. అది జబ్బంట. డాక్టరు చెప్తాడు కదా."

అమ్మ ఇంటికి వచ్చి బుట్ట దించి, కాళ్ళు కడుక్కోకుండానే గుమ్మంలో కూర్చుంది. మా ఒడ్డున ఏటా గంగమ్మ పూనేది మా బావకే. పూనకం దిగాక నీళ్ళు తాగి, "నానేటన్నాను?" అని అడిగేవాడు. ఏమీ గుర్తుండేది కాదు.

"ఏటి సేసినాడో తెలీనోడికి గుంటని ఎలాగిచ్చీడం?" అంది అమ్మ, నాతో కాదు, గోడతో. మా వైపు గుంటంటే ఆడపిల్ల, అంటే నేనే.

ఒడ్డున మాట ఆగదు. పడవలోవాళ్ళు బావని "ఇవాళ పైనోడొచ్చినాడా, లోపలోడొచ్చినాడా?" అని పలకరించడం మొదలుపెట్టారు. నాకు నవ్వు రాలేదు. ఒకరోజు వల కుట్టుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"బావా, అమ్మవారు వొచ్చినప్పుడు నీకు తెలుస్తాదేటి?"

"ఏటి తెలుస్తాది? డప్పు ఇనబడతాది. తర్వాత నీళ్ళ సెంబు కనబడతాది. మద్దిలో ఏటీ లేదు."

"ఆ మద్దిలో ఎవరినైనా సంపీసి ఉంటే?"

అతను దారం పళ్ళతో కొరికి నా వైపు చూశాడు. "ఎగిరే సేప తల మీద కొట్టడానికే నాకు సేతులు రావు. పడవలో అందరూ నవ్వుతారు."

"సినిమాలో ఆడూ అంతే. సీమని తొక్కడు."

"అయితే నానేటి సేసేది? రేపటేల నుంచి సీమల్ని తొక్కమంటావా?"

అప్పుడు నవ్వాను. ఇంటికి వచ్చాక భయం మళ్ళీ వచ్చింది.

పండగ రోజు మధ్యాహ్నం డప్పులు మోగాయి. వేపాకు దొరకని ఆ రోజుల్లో గంగరావి కొమ్మతోనే సరిపెట్టుకునేవాళ్ళం. బావ ఆ కొమ్మ పట్టుకుని నిలబడ్డాడు. అలలూ డప్పూ ఒకే చప్పుడైపోయాయి. ఇసక మీద ఎండ తెల్లగా, సినిమా తెరలా ఉంది. అతని మెడ పక్కకి లాగింది. కళ్ళు పైకి పోయాయి. నేను ఎన్నోసార్లు చూసిందే, కానీ ఆ రోజు అద్దం ముందు నిలబడ్డ మనిషే కనబడ్డాడు.

ఆనవాయితీగా వలల గురించి, గాలి గురించి అడుగుతారు. అమ్మ అందరినీ తోసుకుని ముందుకెళ్ళింది.

"ఎవరైనా సరే, సెప్పు. నా గుంటని ఈడికి ఇయ్యమంటావా?"

డప్పులు ఆగిపోయాయి. పూనినవాడి సొంత సంగతి అమ్మవారిని అడగకూడదు. ఎవరూ అడిగి ఎరగరు. బావ ఊగుతూనే ఉన్నాడు. తర్వాత సన్నటి గొంతుతో, అతనిది కాని గొంతుతో, అన్నాడు.

"ఇయ్యొద్దు. నీటి మీదోడికి గుంటని ఇయ్యొద్దు."

నీళ్ళు చల్లారు. బావ ఇసకలో కూలబడి చెంబు ఎత్తి తాగి, "నానేటన్నాను?" అన్నాడు. అతను నా మొహం చూశాడు. నేను సముద్రం వైపు తిరిగాను. నా పెళ్ళి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం బావ తల్లి, మా అత్త, ఏడుస్తూ వచ్చింది. "అమ్మే వొద్దంది కదా వదినా. ఇంకేటుంది."

అమ్మ పొయ్యి ఊదుతూ ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"అమ్మయితే వలల సంగతి సెప్పును. ఆ మాటన్నది ఆడి లోపలోడు. సినిమాలో లోపలోడు ఆడకూతుళ్ళని పిలిసి పిలిసి సంపీసినాడు. ఈడి లోపలోడు నా గుంటని దూరంగా ఉంచమన్నాడు. సంపీసేవోడు జాగర్తలు సెప్తాడేటి? పైనోడికి నా గుంటంటే ఇష్టం, లోపలోడికి నా గుంటంటే బెంగ. ఇంతకన్నా మంచి ఇద్దరు నాకెక్కడ దొరుకుతారు?"

"మరి నీటి మీదోడికి వొద్దన్నాడు కదా?"

"ఈ దీవిలో నీటి మీద లేనోడెవడు, సూపించు."

అత్తకి సగమే అర్థమైంది. నాకు అంతా అర్థమైంది. పెళ్ళి అయిపోయింది.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఫెరార్గంజ్ వైపు చుట్టాల ఇంటికి బస్సులో వెళ్తున్నాం. అతను కిటికీ పక్కన కూర్చుని వరి చేలు చూస్తున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ రోజు నానేటన్నాను? ఎవరూ సెప్పరు."

దాచడం నాకు చేతకాదు. చెప్పేశాను. చేలు పోయి అడవి వచ్చింది, అడవి పోయి మళ్ళీ చేలు వచ్చాయి.

"అయితే పొలం పని నేర్సుకోమంటావా?" అన్నాడు.

"నేర్సుకుంటావా?"

"నువ్వు సెప్తే నేర్సుకుంటాను."

అతని మొహం చూశాను. నేను చెబితే నిజంగానే నేర్చుకునేవాడు, నీళ్ళు కనబడని చోట రోజూ ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరిగేవాడు.

"సెప్పను," అన్నాను.

తిరిగొచ్చిన మర్నాడు తెల్లవారుతూనే పడవెక్కాడు. నేను ఒడ్డున నిలబడ్డాను. మంచులో పడవ చిన్నదై, నీడై, ఉందో లేదో తెలియనిదైంది. నన్ను చేసుకున్నవాడూ, వద్దని చెప్పినవాడూ అందులోనే ఉన్నారు. ఇద్దరూ తిరిగి రావాలి అనుకుంటూ పొయ్యి వెలిగించడానికి ఇంటికి వెళ్ళాను.