మాట ఉండే వైపు

కారంపూడిలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు నాగవేణి పక్కన చోటుకోసం పోటీ పడతారు. ఆమె కథ మొదలుపెడితే ఘాటుకు వచ్చే తుమ్ములు కూడా ఆగుతాయట. అలాంటి నాగవేణికి చిన్నప్పటినుంచీ ఉన్న ఫిట్సు ఈ మధ్య మందులకు లొంగడం మానేశాయి. మెదడు ఎడమవైపు చిన్న మచ్చ ఉంది, తీసేస్తే తగ్గొచ్చు అంది గుంటూరులో డాక్టరు సుభాషిణి.

"కానీ చాలామందికి మాట ఉండేదీ ఆ పక్కనే. ముందు అది చూడాలి."

ఫిట్సుతోపాటు మాట కూడా పోతే? నాగవేణికి అన్నం సయించలేదు.

"ఏ చేతివాటం?" అని కాగితం నింపుతూ అడిగింది డాక్టరు.

"కుడిచెయ్యేనమ్మా," తల్లి నాగులమ్మ గబుక్కున అందుకుంది. నాగవేణి తల దించుకుంది.

ఆ పరీక్షకు కోత లేదు, సూది లేదు. ఎమ్మారై గొట్టంలో పడుకోవడమే. మోత మాత్రం నూర్పిడి మిషనంత. ఎదురుగా అక్షరం కనిపిస్తే, దానితో మొదలయ్యే మాటలు పెదవి కదపకుండా అనుకోవాలి. 'మ' రాగానే మజ్జిగ, మంచం, మరిది తరుముకొచ్చాయి. నవ్వాపుకోవడమే కష్టమైంది.

బొమ్మలు చూసి డాక్టరు కనుబొమలు ముడివేసింది. "మాటలు అనుకున్నప్పుడల్లా మెదడు కుడివైపే వెలుగుతోంది. కుడిచేతివాళ్ళలో ఇది అరుదు. నాకు నమ్మకం కుదిరేదాకా ఆపరేషన్ వద్దు."

నాగులమ్మ కొంగు నలుపుతోంది.

"అమ్మా, చెప్పేస్తున్నా."

"ఊరుకోవే!"

"నాది ఎడమచెయ్యి మేడం. తొడిమలన్నీ దాంతోనే తీస్తా. కంచంలో ఆ చెయ్యి పెడితే మాయమ్మ గరిటె తిరగేసి కొట్టేది."

"పెళ్ళి కావద్దా మరి?" గొణిగింది నాగులమ్మ. "ఎడమచేత్తో వడ్డిస్తే ఎవురు తింటారే?"

డాక్టరు నవ్వేసింది. "ఎడమచేతివాళ్ళలో ఇది అంత వింత కాదు. చిన్నప్పటి ఫిట్సు వల్ల కూడా మాట అటు చేరి ఉండొచ్చు. మళ్ళీ చూసి ఖాయం చేద్దాం."

రెండోసారీ కుడివైపే వెలిగింది. మచ్చకూ మాటకూ పొత్తు లేదు.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు, తలకు రుమాలు చుట్టుకుని నాగవేణి మిరపరాశి దగ్గర కూర్చుంది. అప్పటికి ఒక్కసారి కూడా ఫిట్సు రాలేదు.

"ఏమే, కథ ఏడ ఆపావో గుర్తుందా?" అడిగింది పక్కనున్నామె.

"రాజుగారు బావిలో పడ్డాడు. మూణ్ణెల్లుగా తడుస్తానే ఉన్నాడు పాపం!"

గొల్లుమన్నారు అందరూ. మధ్యాహ్నం అన్నాల దగ్గర కథ చెబుతూనే, ఏమరుపాటున ఎడమచేత్తో తల్లికి కూర వడ్డించబోయింది నాగవేణి. గరిటె గాలిలోనే ఆగింది.

నాగులమ్మ అటూ ఇటూ చూసింది. తర్వాత గిన్నె ముందుకు జరిపింది.

"ఏందట్టా చూస్తావు? పెట్టవే. బావిలోంచి తీశారా లేదా ఆయన్ని?"