ఫొటోలో ఆరో మనిషి

కరీంనగర్‌లో మేడమీద గదిలో కూచుని వెబ్‌సైట్లు చేస్తాను. ఆ ఎండాకాలం, బొగ్గుగనుల్లో పనిచేసి రిటైరైన కార్మికుల సంఘం ఒకటి తమ పాత సైటును బాగుచేయమంది. వాళ్లలో చాలామందికి చూపు మందగించింది. అక్షరాలు పెద్దగా కనబడాలి, చూపు లేనివాళ్లు వింటే అర్థం కావాలి అన్నారు.

విని చెప్పడానికి ఒకామెను పిలిచాను. పుట్టుకతోనే చూపు లేదు. గోదావరిఖని దగ్గర కంపెనీ క్వార్టర్లలో పెరిగింది. ఇలాంటి సైట్లను పరీక్షించడమే ఆమె పని. తన చిన్నప్పుడే తండ్రి గనిలోకి దిగి మళ్లీ పైకి రాలేదని ఒకసారి మాటల్లో చెప్పింది. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదట.

మధ్యాహ్నం వచ్చి కూచోగానే మానిటర్ ఆపేసింది. తనకు దానితో పనేమిటి? నల్లటి తెర ముందు ఆమె వేళ్లు మీటల మీద కదులుతుంటే, పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఒక్కో శీర్షికా చదువుతూ పోయింది. ఎత్తుపల్లాలు లేని గొంతు అది. పేజీ వెనుక రాసే మార్కప్ సరిగ్గా ఉన్నచోట ఆమె చకచకా దాటేసేది, లేనిచోట ఆగి నాకు చెప్పేది.

ఒక ఫొటో దగ్గర ఆగింది. మళ్లీ విన్నది.

"అన్నా, గీ ఫొటోల ఎంతమంది ఉన్నరు?"

తెర వెలిగించాను. గని ముందు టోపీలు పెట్టుకుని నిలబడ్డ అయిదుగురు. అదే చెప్పాను.

"ఆరుగురు అంటున్నది. చివర్ల ఒకాయన, మెడల ఎర్ర తువ్వాల, పక్కకు చూస్తుండట."

నేనూ విన్నాను. ఫొటో చూడలేనివాళ్ల కోసం దాని వెనుక రాసిపెట్టే వివరణ అది. తెర మీద కనబడదు. ఆ గొంతు, ఫొటోలో లేని మనిషిని తువ్వాల ముడితో సహా వర్ణిస్తోంది. బాపుకు ఎర్ర తువ్వాల ఉండేదని అవ్వ, అంటే తన తల్లి, చెప్పేదని ఆమె మెల్లగా అంది.

వేరే ఫొటోకు రాసింది ఇక్కడ పడిందేమో అనుకున్నాను. సంఘం పెద్దాయనకు ఫోన్ చేస్తే, ఆఫీసు గోడకున్న ఫొటో చూసి తానే రాశానని, ఆరుగురే ఉన్నారని అన్నాడు. అప్పుడు పేజీకి రంగులూ కొలతలూ చెప్పే స్టైల్‌షీట్ తీసేసి చూశాను. రంగులన్నీ పోయి పేజీ తెల్లగా పరుచుకుంది. ఫొటో తన అసలు వెడల్పుకు వచ్చింది. కుడి అంచున ఆయన నిలబడి ఉన్నాడు. ఫొటోలన్నీ ఒకే చదరంలో ఇమడాలని పాత స్టైల్‌షీట్ అంచులు దాచేసింది. కళ్లున్నవాళ్లకు ఇన్నేళ్లూ ఆయన లేడు. విన్నవాళ్లకు ఉన్నాడు.

"ఉన్నడా?"

ఉన్నాడన్నాను.

"ఇటు చూస్తుండా?"

లేదు, ఫొటో బయటికి చూస్తున్నాడని చెప్పాను. అక్కడ ఏముందని అడిగింది. ఏమీ లేదన్నాను.

మర్నాడు వాళ్లవ్వను వెంటబెట్టుకొచ్చింది. ముసలామె ముఖం తెరకు ఆనేంత దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"మీ బాపు కాదు బిడ్డా. బాపు దోస్తు. తువ్వాలలు గూడ ఒక్కతీరు కొన్నరు. ఇద్దరు కలిసే గనిలకు దిగిండ్రు, ఒక్కలు గూడ పైకి రాలే."

అవ్వ చూపు తెర మీది నుంచి కదల్లేదు. కాసేపటికి ఆ మనిషి భుజం మీద వేలు పెట్టింది. అప్పుడు నాకూ కనబడింది. ఫొటో అంచు అవతలి నుంచి వచ్చిన ఒక చెయ్యి ఆ భుజం మీద ఉంది. చిటికెన వేలు వంకర. చెయ్యి తప్ప మనిషి ఫొటోలో పడలేదు.

"గిది మీ బాపు చెయ్యి."

ఈసారి దాచింది స్టైల్‌షీట్ కాదు. తీసిననాడే కెమెరాకు అందలేదు. ఫొటోను ఎంత వెడల్పు చేసినా ఇక ఆయన రాడు. వివరణ రాసిన పెద్దాయన కూడా ఆ చేతిని గమనించలేదు. భుజం మీద ఒక చెయ్యి ఉందని, దాని చిటికెన వేలు వంకరని, ఆ మనిషి కనబడడని వివరణ చివర కలిపాను. ఎవరిదో కూడా రాయమంటావా అని అడిగితే ఆమె వద్దంది.

తెర ఆపేసి విన్నది. విన్నాక, బాపు చెయ్యి ఎట్ల పెట్టిండో జర చూపియ్యమని అవ్వనడిగింది. ముసలామె లేచి, తన చిటికెన వేలు వంచి, బిడ్డ భుజం మీద చెయ్యి వేసింది. స్క్రీన్ రీడర్ గొంతు ఆగకుండా తర్వాతి శీర్షికలోకి వెళ్లిపోయింది.