సేత్తూరు బస్సు వచ్చేలోపు

రాజపాళయం బస్టాండులో ఆ పెద్దాయన నా పక్కన కూర్చుంటూనే ఒక సాయం అడిగాడు.

"సేత్తూరు బస్సు వస్తే చెప్పండి తంబీ. నాకు చెవులు వినపడవు. కోవిల్ తిరునాళ్ల కచేరీల్లో స్పీకర్ పక్కనే నిలబడి బేస్ గిటార్ వాయించి వాయించి పోయినాయి."

సరేనని తలూపాను. నా సంచిలో ఉన్నదీ బేస్ గిటారే, ఏరి కోరి చేయించుకున్నది. తీసి ఆయన ఒళ్లో పెట్టాను. ఆంప్లిఫయర్ లేకుండా దాని మీది సౌండు గుండీలు ఎన్ని తిప్పినా లాభం లేదు. ఆయన వాటి జోలికే పోలేదు. తీగలు దగ్గరగా చూద్దామని వంగి ఒకటి మీటేసరికి దవడ గిటార్ చెక్కకు తగిలింది. ఉలిక్కిపడ్డాడు.

"వినపడతా ఉండాదే!"

గిటార్ మెడ దగ్గర మీటి, "ఇక్కడ మెత్తగా ఉండాది" అన్నాడు. వేళ్లు కిందికి జరిపి మీటి, "ఇక్కడ మొరటుగా ఉండాది" అన్నాడు. నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"చెవులు పోయినాయని నా గిటార్ని పోయినేడు అమ్మేసినాను. ఇట్ల ఆనించితే వినపడతాదని నాకెవురూ చెప్పలేదే."

మళ్లీ దవడ ఆనించి కళ్లు మూసుకున్నాడు. బొటనవేలితో మీటాడు. తీగల మీద అరచెయ్యి ఆన్చి మీటాడు. ప్రతిసారీ అదే తీగ వేరే గొంతుతో పలికింది.

సేత్తూరు బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఆయనకు వినపడలేదు. మాట ఇచ్చాను కదా అని భుజం తట్టాను. గిటార్ నా చేతికిచ్చి, దవడ తడుముకుంటూ వెళ్లి బస్సెక్కాడు.

సేత్తూరుకు బస్సులకేం కొదవ? ఇంకొకటి వచ్చేదాకా నేను చెప్పకుండా ఊరుకోవాల్సింది.