పెట్టె మీద పెట్టిన ఓటు

మా బావ పోయాడు. మంచిర్యాల స్టేషను ఎదురుగా పలకలూ బలపాలూ అమ్ముకునే నా దుకాణానికి ఊరి నుంచి మనిషి వచ్చి, స్టూలు మీద కూర్చుని, "మీ బావ పొద్దుగాల్ల పోయిండు. లే, పోదాం" అన్నాడు. బావంటే మా అక్క మొగుడు, వడ్రంగి. ముందు రోజు సాయంత్రం దాకా ఎవరిదో నాగలి బాగుచేసి, అన్నం తిని పడుకున్నాడట. మళ్ళీ లేవలేదు.

కొన్నాళ్ళకు పత్రికలో వార్త వచ్చింది. రెండే వాక్యాలు. అసెంబ్లీకి నాలుగుసార్లు నిలబడి నాలుగుసార్లూ ఓడినాయన చనిపోయాడని. ఎందుకు నిలబడ్డాడో లేదు, ఎట్లా ఓడాడో అసలే లేదు. తర్వాత సమితి ఆఫీసులో సంతాప సభ పెట్టారు. నాలుగుసార్లూ గెలిచిన మా ఊరి దొరే సభకు అధ్యక్షుడు. కండువా సవరించుకుని, అంత మంచి ప్రత్యర్థి దొరకడం తన అదృష్టమన్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికి ఉన్నప్పుడు ఆ కళ్ళలో దుమ్ము కొట్టిందెవరో సభలో ఒక్క మగాడూ అడగలేదు. నేను లేవబోతే అక్క నా చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. చొక్కా పట్టి లాగడానికి ఇక్కడ అక్క లేదు.

మా ఊరు మంథని వైపు, గోదావరి ఒడ్డున. ఊళ్ళో దొర గడికి పెద్ద టేకు తలుపుంది. దాన్ని చేసింది బావ వాళ్ళ బాపు. వెట్టికి చేశాడు. కూలీ లేదు, పూటకింత జొన్న గటక. తలుపు బిగించడం అయిపోయిన రోజున, ఇక నీకు లోపల పనేం లేదని ఆయన్నే ఆ తలుపులోంచి బయటికి పంపారు. చెప్పులు చేతపట్టుకుని దూరంగా నిలబడి తన పనితనాన్ని తానే చూసుకుని ఇంటికొచ్చాడట ఆ ముసలాయన. ఈ సంగతి బావ కోపంగా చెప్పేవాడు కాదు. చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, చిత్రిక పడుతూ, పక్క ఊరి ముచ్చట చెప్పినట్టు చెప్పేవాడు. నాకదే మంట.

పోలీసు చర్య దాకా పట్నంలో దాక్కున్న దొర ఆ తర్వాత ఖద్దరు టోపీ పెట్టుకుని ఊళ్ళో దిగాడు. వెట్టి పోయిందని హైదరాబాదులో కాగితం మీద రాసుకున్నారు గానీ, ఆ కాగితం మా ఊరి పొలిమేర దాటలేదు. మొదటి ఎన్నికలొస్తున్నాయనీ, దొర నిలబడుతున్నాడనీ తెలిసిన రోజు బావ ఒకే మాటన్నాడు. "టోపీ మారింది. తలకాయ గదే." మర్నాడు పోయి తనూ నామినేషన్ వేసి వచ్చాడు.

"ఏంది బావా, పిచ్చిగిన లేసిందా? దొర మీద నిలవడ్తవా?" అన్నాను.

"అసెంబ్లీకి సుత తలుపులుంటయి గదరా బామ్మర్దీ. అవి సుత ఎవలో వడ్లాయన చేసినయే. చేసినోళ్ళు లోపటికి పోయి కూసుండి, మా ఊళ్ళ వెట్టి ఇంకా పోలేదని ఒక్క మాట చెప్తే ఎట్లుంటదో జర సూద్దామని."

పొయ్యి దగ్గర నుంచి అక్క అరిచింది. "మనింటి తలుపుకు గొళ్ళెం లేదు గని, గీయనకు అసెంబ్లీ తలుపు గావాల్నట!"

అక్క అన్నది అక్షరాలా నిజం. ఊరందరికీ తలుపులు చేసిన మనిషి తన ఇంటికి గొళ్ళెం బిగించకుండానే పోయాడు.

అప్పటి ఓట్ల పద్ధతి చాలామంది అప్పుడే మరిచిపోయారు కాబట్టి చెప్తున్నాను. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. పెట్టె మీద గుర్తు అంటించేవారు. ఓటరు చీటీ పట్టుకుని తెర వెనక్కి ఒంటరిగా పోయి, కావలసిన పెట్టెలో వేసి రావాలి. బావ గుర్తు నిచ్చెన. నేను ఆయన ఏజెంటును. తెర ఇవతల కూర్చున్నాను. లోపల ఏం జరిగేదీ కనపడదు. మా ఊరి జనం తలంటుకుని, పండగ బట్టలు కట్టుకుని వచ్చారు. కొందరు ఆడవాళ్ళు కొంగున ఏవో ముడివేసుకుని వచ్చారు. తెర వెనక నుంచి వచ్చిన ప్రతి ముసలమ్మా నన్ను చూసి నవ్వింది. ఇంకేం, గెలిచేశామనుకున్నాను.

కరీంనగర్‌లో లెక్కపెట్టేటప్పుడు మా ఊరి నిచ్చెన పెట్టె బల్ల మీదికొచ్చింది. ఒళ్ళంతా పసుపు, కుంకుమ బొట్లు, వాడిన బంతిపూల రెక్కలు. పోచమ్మ గుడి నుంచి తెచ్చారా అని ఒకడు వెక్కిరించాడు. తెరిస్తే అడుగున పిడికెడు కాగితాలు. దొర పెట్టె మాత్రం గడ్డి కుక్కిన బస్తాలాగా ఉంది. "సొంతూరోళ్ళే ఎయ్యలే!" అని ఒకటే నవ్వు. ఆ మాట మాకంటే ముందే ఊరు చేరింది. సంతకు పోతే అదే, పెళ్ళికి పోతే అదే. పెళ్ళాం వేసిందో లేదో అడుగు అని బావ మొహం మీదే అన్నవాళ్ళున్నారు.

అసలు సంగతి చెప్పింది మంత్రసానవ్వ. బావను ఈ భూమ్మీద వేసింది ఆమె చేతులే. మేం ఊళ్ళో అడుగుపెట్టగానే సంబరంగా ఎదురొచ్చింది.

"గెలిచినవా బిడ్డా? నేనైతే నీ పెట్టెకు బొట్టు పెట్టి, చీటీ పైన పెట్టి దండం పెట్టుకున్న."

"పైన పెట్టినవా? లోపట ఎయ్యలేదా అవ్వా?" అడిగాడు బావ.

"అయ్యో, లోపటెట్లేస్తరు బిడ్డా? మర్యాదిచ్చేటోళ్ళకు పైన పెట్టి మొక్కుతరు గని, బొక్కల దోపుతరా?"

ఇంటింటికీ పోయి అడిగితే ఊరంతా అదే చేసింది. చీటీని పెట్టె మీద పెట్టి, దండం పెట్టి వచ్చారు. దొర గుమాస్తా ఈ సంగతి పొద్దున్నే కనిపెట్టాడు. తన మనుషుల్ని వరుసలో అక్కడక్కడా నిలబెట్టాడు. తమ వంతు వచ్చినప్పుడల్లా వాళ్ళు తెర వెనక్కి పోయి, నిచ్చెన పెట్టె మీది చీట్లన్నీ ఏరి దొర పెట్టెలో వేసి వచ్చారు. ఇది నా ఊహ కాదు. "ఏరి ఏరి చేతులు నొచ్చినయి" అని ఆ గుమాస్తాయే కల్లు దుకాణంలో గొప్పలు పోయాడు.

నేను కర్ర పట్టుకుని బయల్దేరాను. బావ లాక్కున్నాడు.

"ఎవల మీదికిరా? గిది బయట పెడితే లోకం దొరను చూసి నవ్వదు, మనోళ్ళను చూసి నవ్వుతది. మొక్కినోళ్ళను ఎర్రోళ్ళంటరు. నన్ననుకోనీ, నాకేం ఫికర్ లేదు."

చచ్చేదాకా ఆ మాట మింగాడు. నా వల్ల కాదు. చెప్పేశాను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఎవరిని చూసి నవ్వాలో తెలుసుకుని నవ్వండి.

రెండో ఎన్నికలకు ముందు ఆయన టేకు చెక్కతో ఒక పెట్టె చేశాడు. మీద సన్నని సందు, ముందు చెక్కిన నిచ్చెన. పని అయ్యాక దాన్ని భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. చీటీకి బదులు మోదుగాకు. "దోపున్రి, సిగ్గువడకున్రి. నిచ్చెన పెట్టె కనవడాలె, ఆకు లోపట పడాలె, గంతే" అనేవాడు. ముసలమ్మలు ఆకు దోపి, చెయ్యి వెనక్కి తీసుకుని, తప్పు చేసినట్టు లెంపలు వేసుకునేవాళ్ళు. వాళ్ళు అలవాటు చేసుకునేలోపు ఈయన ఊరుకోకుండా ఎవరి మంచం కోడో బిగించేవాడు, ఎవరి రోకలో నున్నగా చేసేవాడు. ఓట్లడగడానికి పోయి పని చేసి వచ్చే అభ్యర్థిని ఈయన్నే చూశాను. నేను విసుక్కుంటే, "పచ్చి కర్రకు పని చెప్తే పగులుతదిరా. ఎండనియ్యాలె" అనేవాడు.

ఆ ఎన్నికల్లో మా ఊరి నిచ్చెన పెట్టె నిండింది. పై ఊళ్ళలో గడి మాటే చెల్లింది కాబట్టి ఓడాము. అయినా ఆ రాత్రి ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. "మా ఊరోళ్ళు ఏసిన్రు. ఇగ ఎవడన్నా నోరు దెరుస్తడా?" అన్నాడు అక్కతో. అక్క కూడా నవ్వింది.

మూడోసారికి సర్కారు పద్ధతి మార్చేసింది. అందరి గుర్తులూ ఒకే కాగితం మీద ఉంటాయి, ముద్ర కొట్టి ఒకటే పెట్టెలో వేయాలి. ఈ సంగతి వివరించడానికి వచ్చిన అధికారులు సభ ఎక్కడ పెట్టారనుకున్నారు? గడిలో. ఆ గడప తొక్కనని బావ పంతం. ముద్ర సంగతి ఎవరో చెప్తే విని, అది మాత్రం జనానికి నేర్పాడు. పెట్టె సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ పంతానికి ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఊరి జనానికి చెప్పవలసిన మాట గడిలో చెప్పిన వాళ్ళ మీద అంతకు పదింతలు కోపం.

మంత్రసానవ్వ తెర వెనక ముద్ర కొట్టి వచ్చి, పెట్టె చుట్టూ తిరిగి చూసింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

"నిచ్చెనేది?" అంది.

"ఒకటే పెట్టె. వెయ్యమ్మా" అన్నాడు అధికారి.

"ఎవలిదిది?"

"అందరిదీ."

"అందరిదంటే దొరది గాదా?"

ఆమె అడిగిందాంట్లో తప్పేముంది? మా ఊళ్ళో అందరిదన్న చెరువు దొరది, అందరిదన్న పశువులు మేసే బంచరాయి దొరది. ఆమె కాగితాన్ని రొండిన దోపుకుని బయటికి నడిచింది. "అవ్వా, గా పెట్టెలనే ఎయ్యి, నీకు దండం పెడత" అని నేను అరిచాను. అంతే, ఏజెంటు ప్రచారం చేస్తున్నాడని నన్ను బయటికి గెంటారు. ఆ తర్వాత ఎంతమంది కాగితాలు ఇంటికి పట్టుకుపోయారో దేవుడికే తెలియాలి. సాయంత్రం కొందరు వాటిని తెచ్చి బావ చేతికే ఇచ్చారు. "నీది నీకే ఇస్తున్నం" అన్నారు. ఆయన తీసుకోలేదు. తిట్టనూ లేదు.

నాలుగోసారి మా వాళ్ళు అన్నీ నేర్చుకున్నారు. ఒకటే పెట్టె, నిచ్చెన మీద ముద్ర. ఇక దొరకు మిగిలిందేమిటి? తన ఎడ్లు కాసే పాలేరును అభ్యర్థిగా నిలబెట్టి, వాడి చేత నిచ్చెన గుర్తు అడిగించాడు. ఇద్దరడిగారు కాబట్టి చీటీ తీశారట, వాడికే వచ్చిందట. బావకు త్రాసు ఇచ్చారు. ఉన్న కొద్ది రోజుల్లో కాళ్ళరిగేలా తిరిగి త్రాసు, త్రాసు అని మొత్తుకున్నాం. "నువ్వు నిచ్చెన గదా బిడ్డా, మాకెరుక లేదా? మా ఓటు మర్లగొట్టడానికి దొర మనుషులు గిట్ల చెప్పుమన్నరా?" అని మమ్మల్నే ఓదార్చారు. నిచ్చెన మీదే కొట్టారు. ఇల్లు కదలని పాలేరుకు బావకంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. వాడు ఏడ్చుకుంటూ వచ్చి, "అన్నా, నాకెందుకేసిన్రే?" అని బావ కాళ్ళ మీద పడ్డాడు. "నీకు గాదు తమ్మీ, నాకే ఏసిన్రు" అని వాణ్ణి లేపి మంచినీళ్ళిచ్చాడు మా బావ. నేనైతే గోదావరిలో ముంచేవాణ్ణి.

నా దుకాణంలో అరలన్నీ ఆయన చేసినవే. ఏ సొరుగు లాగినా చప్పుడు కాదు. ఇవాళ పొద్దున ఒకటి లాగి అట్లాగే నిలబడిపోయాను. ఓపిక అంటే ఏమిటో చూపించిన మనిషికి నేను రుణపడి ఉన్నాను. ఓపిక మాత్రం నాకు అబ్బలేదు.

పోయిన రోజున ఆయన పని చేసుకునే పాకలోకి వెళ్ళి చూశాను. నేర్పడానికి చేసిన ఆ పెట్టె అక్కడే ఉంది. ముందున్న నిచ్చెనను చిత్రిక పట్టి చదును చేసేశాడు. అక్కనడిగితే, "ఈసారి గుర్తొచ్చినంకనే చెక్కుతనన్నడురా" అంది. ఐదోసారికి తయారవుతున్నాడన్న మాట!

పాడె ఎత్తబోతుంటే మంత్రసానవ్వను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఆమెకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. రొండిన ముడి విప్పి, మడతలు పడి మెత్తబడిన కాగితం తీసింది. మూడోసారి పెట్టెలో వేయకుండా తెచ్చుకున్న ఓటు. నిచ్చెన మీద ముద్ర సరిగ్గా పడి ఉంది. దాన్ని బావ రొమ్ము మీద పెట్టి, తడిమి తడిమి కుంకుమ అద్ది, రెండు చేతులూ జోడించింది.

"గిది నీదే బిడ్డా. అందరిది గాదు" అంది.

అప్పుడే దొర పంపిన పెద్ద దండ పట్టుకుని గుమాస్తా వచ్చాడు. దండ వేయడానికి అడ్డమని ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను.

"ఏదో కాగితం, పక్కకు పెడుతున్న" అన్నాడు.

"ఏం కాగితమో నీకెరుకే. చాన ఏరినవు. ఉన్నకాడ పెట్టు."

ఆ రోజు నా చొక్కా ఎవరూ లాగలేదు. అక్క కళ్ళు తుడుచుకుని వాడి వైపే చూస్తోంది. వాడు కాగితాన్ని తిరిగి బావ రొమ్ము మీద పెట్టి, దండ పట్టుకుని వచ్చిన దారినే పోయాడు. నాలుగుసార్లు తెర ఇవతల కూర్చున్న ఏజెంటును నేను. గోదావరి ఒడ్డు దాకా ఆ ఒక్క ఓటు మీద అరచెయ్యి ఆనించి పాడె పక్కనే నడిచాను.