బావగారు మెచ్చిన సినిమా

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఏం చూద్దామా అని వెతుకుతుంటే ఆ సినిమా పోస్టరు కనిపించింది, నిండా విదేశీ బహుమతుల ముద్రలతో. “అదిగో, మీ బావగారి సినిమా. పెట్టనా?” అన్నారు మావారు. వద్దన్నాను. ఒకసారి చూసింది చాలు.

నాకు చిన్నప్పటి నుంచీ అపరాధ పరిశోధన కథలంటే పిచ్చి. అద్దెకు తెచ్చిన డిటెక్టివ్ నవల సగంలో ఉండగానే హంతకుడెవరో చెప్పేసి, ఇంకా చదవని అక్క చేత తిట్లు తినేదాన్ని. అనుమానం నా పుట్టుగుణం. పాలవాడు నవ్వినా ఎందుకు నవ్వాడా అని ఆలోచిస్తాను. అందుకే పత్రికలన్నీ ఒకే గొంతుతో ఆ సినిమాను నేరకథ, దెయ్యం కథ, ప్రేమకథ కలగలిసిన అద్భుతమని పొగుడుతుంటే నమ్మబుద్ధి కాలేదు. నాకు తెలిసి మూడు కూరలు కలిపేది అవి మిగిలిపోయినప్పుడే. కానీ బావగారు, అంటే అక్క భర్త, పట్టుబట్టారు. నానక్‌రామ్‌గూడలో కాపురం, ఆ పక్క టవర్లలోనే పెద్ద ఉద్యోగం. సినిమాలో పాట వస్తే బయటికెళ్లి ఫోను మాట్లాడుకునే మనిషి. అలాంటాయన, “నేనూ చూడలేదమ్మా, అందరం కలిసి చూద్దాం” అని ఒక సెలవురోజున నన్నూ అక్కనూ గచ్చిబౌలిలోని మాల్‌కు తీసుకెళ్లారు.

మొదట్లోనే శవం దొరికింది. ఆశపడ్డాను. ఇన్‌స్పెక్టరు వచ్చి వాన చూస్తూ నిలబడ్డాడు. అలా నిలబడే ఉన్నాడు. కాసేపటికి శవం లేచి అతనితో టీ తాగింది. అక్క నిద్రపోయింది. జనం మాత్రం హరికథ వింటున్నంత భక్తిగా కూర్చున్నారు. వాళ్లకూ ఏమీ తెలియడం లేదనే నా అనుమానం. ఇంతలో బావగారు మెల్లగా, “ఇప్పుడు గుర్రం వస్తుంది చూడు” అన్నారు. వచ్చింది. చూడని సినిమాలో గుర్రం సంగతి ఈయనకెలా తెలుసు? ఇంటర్వెల్లో అక్కను లేపకుండా మేమిద్దరం బయటికి వస్తే, పాప్‌కార్న్ కౌంటరు అమ్మాయి ఆయన్ని చూసి, “సార్, ఇయ్యాల ఇంటోళ్లతోని వచ్చిండ్రా? ఎప్పటిలెక్కనే స్వీట్ కార్నేనా?” అంది. బావగారి మొహం పాలిపోయింది.

రెండో సగమంతా నేను తెర చూడలేదు. ఆఫీసు వేళల్లో ఈ మనిషి ఇక్కడికి ఎవరితో వస్తున్నట్టు? పక్కనే అక్క అమాయకంగా గుర్రు పెడుతోంది. చివరికి హంతకుడెవరో చెప్పకుండానే పేర్లు పడ్డాయి, జనం చప్పట్లు కొట్టారు. అక్క మొహం కడుక్కోవడానికి వెళ్లగానే ఉండబట్టలేక అడిగేశాను.

“బావగారూ, ఈ సినిమా ఇంతకు ముందు ఎవరితో చూశారు?”

ఆయన నవ్వబోయారు. నవ్వు రాలేదు. “ఒక్కణ్నేనమ్మా. ఉద్యోగం పోయి చాన్నాళ్లైంది. మీ అక్కకు చెప్పలేకపోయాను. మెడలో పాత ఆఫీసు ట్యాగు వేసుకుని పొద్దున్నే బయలుదేరతాను. ఇక్కడైతే చల్లగా ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు.”

“మరి మమ్మల్ని ఈ సినిమాకే ఎందుకు తీసుకొచ్చారు?”

“మొదటిసారి నాకూ నచ్చలేదు. చూడగా చూడగా, ఆ ఇన్‌స్పెక్టరు ఏమీ చెయ్యలేక వాన చూస్తూ నిలబడతాడే, అది నా సంగతే అనిపించింది. మీ అక్క చూస్తే, నేను చెప్పకుండానే అర్థం చేసుకుంటుందేమో అనుకున్నాను.”

“అక్క మొదటి పావుగంటలోనే నిద్రపోయింది. మీరు నోటితో చెప్పండి,” అన్నాను.

అక్కడే ఫుడ్‌కోర్టులో ఒక మూల కూర్చుని చెప్పారు. అక్క చివరిదాకా వింది. తర్వాత, “రోజూ క్యారేజీ కట్టి ఇస్తున్నానుగా, అదెక్కడ తినేవారండీ?” అని అడిగింది. “కింద పార్కింగులో, బండి మీద కూర్చుని,” అన్నారు. అంతవరకూ బిగబట్టుకున్నది ఆ మాటకు భోరున ఏడ్చేసింది. మర్నాటి నుంచి ఆయనకు ఇంట్లోనే కంచం పెట్టింది. కొన్ని నెలలకు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే పని దొరికింది. జీతం తక్కువే అయినా ఇంట్లో మళ్లీ మాటలు వినపడసాగాయి.

ఆ సినిమా మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. శవాన్ని చూపించి హంతకుణ్ని చూపించకపోవడం మోసమే. కానీ వయసు పైబడేకొద్దీ ఒకటి తోస్తోంది. ఎవరికీ చెప్పుకోలేని కాలం కూడా గడియారంలో మిగతా కాలంలాగే నడుస్తుంది, మోసేవాడికి మాత్రం ఎంతకీ సాయంత్రం కాదు.