వలల పాకలో నేను చెప్పిన ముగింపు

మొన్న మా అమ్మాయి కొత్త సంచి తాడుకి పోగులు లేస్తున్నాయని చివర అగ్గిపుల్లతో కాల్చింది. నైలాన్ కాలిన ఆ ఘాటు వాసన తగలగానే చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడిపోయాను. ఆ సాయంత్రమే నన్నేదో సరిహద్దు సినిమాకి తీసుకెళ్తానంది, హాల్లో అందరూ ఏడుస్తున్నారట. రానన్నాను. ఆ సినిమాలన్నిటితోనూ నాకొక తగాదా ఉంది. అటొక తల్లి, ఇటొక కొడుకు, మధ్యలో ముళ్ళకంచె, తుపాకీ పట్టుకున్న సిపాయి. తప్పంతా కంచెది. టిక్కెట్టు కొని ఏడ్చేవాళ్ళకి ఏ పాపమూ అంటదు. మా సరిహద్దుకి కంచె లేదు, వట్టి నీళ్ళు. అవతలి గట్టున ఎవరు నిలబడ్డారో నాకు బాగా తెలుసు: మేమే.

తొంభైల మొదట్లో మా జాలర్ల వాడ సముద్రపు ఒడ్డునే ఉండేది. హార్బర్లో తుపాను జెండా ఎత్తారంటే పడవలు కదలవు, మగవాళ్ళంతా తాటాకు కప్పేసిన వలల పాకలో చేరి వలల్లో చినిగిన కళ్ళు అల్లుకుంటూ, వేసిన ప్రతి నైలాన్ ముడినీ జారకుండా బీడీ నిప్పుతో అంటించుకుంటూ కూర్చునేవారు. బయట ఈదురుగాలికి ఇసక మొహాన కొడుతుంటే ఆడపిల్లలం ఒక మూల గవ్వలతో అష్టాచెమ్మా ఆడేవాళ్ళం, అమ్మలు అక్కడే పొయ్యి పెట్టి ఎండు నెత్తళ్ళు, చింతకాయ వేసి ఉడికిస్తే ఆ పులుసు వాసనా కాలిన నైలాన్ వాసనా కలిసి మధ్యాహ్నానికి పాకంతా పట్టేసేవి. గోపాలపట్నం నుంచి అద్దెకి టీవీ, వీసీఆర్ ఆటోలో వచ్చేవి. చుట్టూ వలలు రెండు మూడు మడతలు వేలాడదీస్తే పట్టపగలే చీకటి. మగవాళ్ళు తలెత్తేవారు కాదు, చేతులు ముడి మీద, చెవులు బొమ్మ మీద. ఎక్కువగా హిందీ క్యాసెట్లే దొరికేవి. ఆ వాడలో హిందీ పరీక్షలు కట్టినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి టీవీ పక్కన స్టూలేసుకుని ప్రతి మాటా తెలుగులో చెప్పేదాన్ని. పదమూడేళ్ళకే నాకు అంత పొగరు ఎక్కడిదంటే, ఆ స్టూలు మీదే వచ్చింది.

మా నాన్న తమ్ముడు ఎల్లాజీ చిన్నాన్న. ఈల వేస్తూ నడిచేవాడు, అన్నంలోకి ఏమీ లేకపోతే పచ్చి ఉల్లిపాయ కొరుక్కుని అదే విందులా తినేవాడు. పెళ్ళైన రెండో ఏట భీమిలి వైపు వాళ్ళ పడవలో పనికెళ్ళాడు. ఇంజను ఆగిపోయి ఈశాన్యానికి కొట్టుకుపోతున్నారనీ, బంగ్లాదేశ్ వైపు ఏదో బూడిదరంగు ఓడ వాళ్ళ పడవని లాక్కుపోతుంటే దూరం నుంచి చూశాననీ వేరే పడవలో ఒక్కడు చెప్పాడు. ఆ ఒక్కడికీ చూపు సరిగ్గా ఆనదు. నాన్న అర్జీ పట్టుకుని ఆఫీసులు తిరిగాడు. చిన్నాన్న భార్య నూకరత్నం పిన్ని ఆ ఆఫీసుల మెట్ల మీద కూర్చునేది. జవాబు రాలేదు.

మా వాడలో ఒక కట్టుబాటుండేది. సముద్రానికెళ్ళినవాడు రెండు గంగమ్మ పండగలు దాటినా రాకపోతే, మూడో పండగ లోపల వాడి వలముక్కని మనిషిలా చుట్టి, కర్మ చేసి నీళ్ళలో వదలాలి, భార్య గాజులు తియ్యాలి. లేకపోతే వాడలో ఏ పడవకీ మంచిది కాదని నమ్మకం. రెండు పండగలూ దాటిపోయాయి. పెద్దలు రోజూ వచ్చి నాన్న ముందు కూర్చునేవారు. పిన్ని మాత్రం చేతులు కొంగులో దాచుకుని, ఆ ఓడ సంగతి తేలేదాకా గాజులు తియ్యనని మొండికేసింది.

ఆ రోజుల్లోనే ఒక ముసురు పూట పాకలోకి సరిహద్దు సినిమా వచ్చింది. పొరపాటున గీత దాటి అవతలి జైల్లో పడ్డ మనిషి, ఇవతల ఎదురుచూసే భార్య. ఎప్పుడూ వెనక కూర్చునే పిన్ని ఆ రోజు నా స్టూలు పక్కకొచ్చి కూర్చుంది. కథ చివరికొచ్చి, జైలు తలుపు తెరిచి ఆ మనిషి కంచె వైపు నడుస్తుండగా కరెంటు పోయింది. గంటైనా రాలేదు. వాన పెరుగుతోందని ఆటోవాడు టీవీ సర్దేసుకున్నాడు.

“మరేటౌతాదే గుంటా? ఆడొత్తాడా, రాడా?” అంది పిన్ని.

ముగింపు నేను చూడలేదు. చూడలేదని చెప్పడం నా స్టూలు గౌరవానికి తక్కువైంది. పైగా అలాంటి బొమ్మలు మూడో నాలుగో చూసి ఉన్నాను, అన్నిట్లోనూ చస్తాడు.

“రాడు పిన్నీ. కంచె దాటతన్నప్పుడు కాల్చేత్తారు. ఇటున్నోళ్ళకి ఆ సంగతే తెలీదు.”

పాకలో చేతులన్నీ ఆగిపోయాయి. మర్నాడు పొద్దున్న పిన్ని తనే వెళ్ళి గాజులు తియ్యమని పెద్దల ముందు చేతులు చాపింది. సినిమాని కబురనుకునే తెలివితక్కువతనం అని నవ్వేవాళ్ళుంటారు. ఆ ఓడ మాట తరవాత మా వాడకి వచ్చిన ఏకైక కబురు అదే మరి. నాన్నే స్వయంగా తమ్ముడి వలముక్క చుట్టాడు.

పద్నాలుగు నెలల తరవాత చిన్నాన్న వచ్చాడు. ఆ పడవలో పట్టుబడ్డ ఏడుగురినీ అవతలి జైలు నుంచి వదిలేశారు. భీమిలి వైపు వాళ్ళు తమవాళ్ళని దండలేసి తీసుకెళ్ళారు. మా వాడలోకొచ్చే దారిలో మాత్రం పెద్దలు అడ్డంగా నిలబడ్డారు.

“నిన్ను గంగమ్మకి ఇచ్చీసినాంరా. ఇచ్చింది ఎనక్కి తీసుకుంటే బదులు ఎవుల్ని అడుగుతాదో నువ్వు సెప్తావేటి?” అన్నాడు అందరిలోకీ ముసలాయన. ఆయన ఏడుస్తూనే అన్నాడు, అది కూడా చెప్పాలి.

“సచ్చినోడికి ఆకలేత్తాదేటి తాతా? నాకేత్తంది,” అన్నాడు చిన్నాన్న. ఎవరూ నవ్వలేదు.

ఏ పడవా అతన్ని ఎక్కించుకోలేదు, ఏ ఇల్లూ పడుకోనివ్వలేదు. వాడ బయట పాత పడవ ఒకటి బోర్లించి ఉంటే దాని కింద కాపురం. పగలు కంచరపాలెం వైపు వెళ్ళి మూటలు మోసేవాడు, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. పిన్ని గిన్నెలో కూడు పట్టుకెళ్ళి ఇసక మీద పెట్టి పది మూరలు వెనక్కి జరిగి కూర్చునేది, అతను తినేదాకా. ఇద్దరూ లేచిపోవచ్చు కదా అంటారు చదువుకున్నవాళ్ళు. నేనూ అన్నాను. చిన్నాన్న రమ్మనే అడిగాడు, నాన్న కూడా ఇద్దర్నీ ఎక్కడికైనా వెళ్ళిపొమ్మన్నాడు. పిన్నే కదల్లేదు. వాడ భయమనుకున్నాను.

తొమ్మిదేళ్ళకి చిన్నాన్న జ్వరంతో ఆ పడవ కిందే పోయాడు. ఒక మనిషికి రెండుసార్లు కర్మ చెయ్యరన్నారు. నలుగురు మోసుకెళ్ళారు, అంతే.

అంతకు ముందే, నేను కాలేజీలో ఉండగా ఆ సినిమా టీవీలో వేశారు. కంచె దాటి, ఆ మనిషి ఇంటికొచ్చి తలుపు తట్టాడు. భార్య తీసింది. లేచి వెళ్ళి టీవీ కట్టేశాను. పిన్నికి మాత్రం చెప్పలేకపోయాను. ఎవరితోనైనా ఎంత మాటైనా అనగలిగిన నాకు ఆ ఒక్కటి గొంతు దాటడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

ఇప్పుడు పాక లేదు, ఆ చోటున రోడ్డు, బండ్లు నిలుపుకునే జాగా. ముడికి నిప్పంటించే మగవాళ్ళూ లేరు, తుపాను కబురు ఫోన్లోకి వస్తోంది. ఆ పెద్దలు పోయారు, వాళ్ళతో ఆ కట్టుబాటూ పోయింది. దాని గురించి చెబితే మా వాడ పిల్లలే నేను కల్పిస్తున్నానంటారు. పిన్ని భీమిలిలో చెల్లెలింట్లో ఉంటోంది. నిరుడు వెళ్ళి పక్కన కూర్చుని, ఆ రోజు ముగింపు చూడకుండానే చెప్పానని, అసలు బొమ్మలో అతను తిరిగొచ్చాడని చెప్పేశాను.

పిన్ని ఎండు చేపలు ఏరుతూ తలెత్తలేదు.

“కరెంటు పోయినట్టు నాకు తెలీదేటే? టీవీ ఆరిపోనాక నువ్వేటి సూత్తావు?” అంది. కాసేపు ఏరాక మళ్ళీ అంది. “రెండేళ్ళు గుమ్మంలో కూకుని కూకుని ఇసుగొచ్చీసినాది. రాడని ఎవులో ఒకలు సెప్తే సాలనిపించింది. నువ్వు సెప్పినావు. పెద్దలు బలంతాన గాజులు తీసినారనే అనుకున్నాడు మీ సిన్నాన్న. తొమ్మిదేళ్ళు కూడు పట్టుకెళ్ళినాను. కాదు, నేనే సేతులు సాపినానని ఒక్కసారైనా సెప్పలేదు.”