అత్త కళ్లకు సెలవు, నా నోటికి డ్యూటీ

మా అత్త కన్ను కాపాడబోయి, టీవీలో బంగారంలాంటి కొత్త కోడలిని ఇంట్లోంచి గెంటించి, చివరికి చంపేసిన ఘనుణ్ని నేనే. కంగారుపడకండి. పోలీసుల దాకా వెళ్లలేదు గానీ, వెళ్లి ఉంటేనే నాకు సుఖంగా ఉండేది.

గజపతినగరం పక్కన మేనమామ ఇంటికే అల్లుడినయ్యాను. అందుకని అత్త అప్పలనరసమ్మకు నేను అల్లుడుగారిని కాను, ఉత్త "ఒరే"ని. ఆవిడ లైటు తీసేసి, టీవీకి బొట్టు పెట్టేంత దగ్గరగా కూర్చుని సీరియల్ చూసేది.

"దూరం జరగత్తా, కళ్లు లాగుతాయి" అంటే, "ఆళ్లు గుసగుసలాడుకుంతన్నార్రా, దూరం నుంచి ఎలగ ఇనపడతాది?" అనేది. పైగా ఇంకో జానెడు ముందుకు జరిగేది.

విజయనగరంలో ఆవిడ కంట్లో శుక్లం తీశారు. నల్లద్దాలు పెట్టి, "మళ్లీ నేను చూసేదాకా టీవీ వద్దు, కన్ను నలపొద్దు, ఏడవొద్దు" అన్నారు డాక్టరుగారు. మా ఆవిడ గౌరి ఇంకో ముక్క కలిపింది: "బావా, మాయమ్మ కంట్లోంచి సుక్క రాలినాదో, నీ సంగతి సూస్తాను!"

సాయంత్రమయ్యేసరికి అత్తకు బెంగ. "కొత్త కోడలు పల్లవి ఏటైపోతాదో ఏటో!"

"నేను సూసి సెప్తానత్తా. నువ్వు గోడకేసి కూకో" అన్నాను, త్యాగమూర్తిలా. అదే వేళకు క్రికెట్ మ్యాచ్ ఉందన్న సంగతి త్యాగమూర్తి మనసులోనే దాచుకున్నాడు.

"సౌండెట్టవేట్రా?"

"మాటలినపడితే కళ్లు ఆటికవే అటు తిరుగుతాయట. డాక్టరుగారే సెప్పినారు." ఆ మాట చెప్పిన డాక్టరు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

కళ్లతో మ్యాచ్, నోటితో సీరియల్, కాసేపు బానే నడిచింది. అంతలో మనవాడు బంతిని స్టేడియం బయటికి కొట్టాడు. "ఆరు!" అని గెంతాను.

"ఏటారు?"

"పల్లవికి... ఆరో నెలత్తా."

"ఓలమ్మ! మొన్ననే కదరా పెళ్లైనాది!"

నేను నెలల లెక్క సరిచేసేలోపే మనవాడు క్లీన్ బౌల్డ్. "ఔట్!"

"ఎవులౌటు?"

"పల్లవేనత్తా. అందుకే ఆళ్లత్త గెంటేసినాది."

ఇంత తర్కబద్ధమైన సీరియల్ ఏ చానల్లోనైనా వచ్చిందా, మీరే చెప్పండి! నా ప్రతిభకు నేనే మురిసిపోతున్నాను. చివరి ఓవర్లో ఉన్న ఒక్క ఆశా రనౌటైపోయింది. తల పట్టుకుని అరిచాను: "పోయింది! అంతా పోయింది!"

"పోనాదా? కడుపుతో ఉన్న పిల్ల పోనాదా!"

నల్లద్దాల కిందనుంచి నీరు జారింది. అత్త చెయ్యి తిన్నగా కంటి మీదికి వెళుతోంది. మ్యాచ్ పోతే పోయింది, కన్ను పోతే? ఒక్క గెంతులో వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాను.

"ఏడవకత్తా! కన్నత్తా, కన్ను!"

"సచ్చిపోతే ఏడవొద్దంతావేట్రా?"

"సావనేదు! పోనాది కరెంటు! ఆస్పత్రిలో కరెంటు! అదిగో వచ్చేసినాది... పల్లవి లేచి కూకున్నాది... కవలలత్తా, కవలలు!"

"ఆరో నెల్లోనా?"

"పెద్దింటోళ్లు కదత్తా!"

వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చిన గౌరి తల్లినీ చూసింది, టీవీలో కప్పు అందుకుంటున్న ఎదుటి జట్టునూ చూసింది, నన్నూ చూసింది. ఆ చూపుకు మందు ఏ కంటి ఆస్పత్రిలోనూ లేదు.

డాక్టరుగారు మళ్లీ చూసేదాకా నాకు కునుకు లేదు. "కన్ను భేషుగ్గా ఉంది" అన్నాక గానీ గుండె కుదుటపడలేదు.

ఇంటికొచ్చి అత్త లైటు వేసుకుని, దూరంగా కూర్చుని సీరియల్ పెట్టింది. పల్లవి సన్నగా, నిక్షేపంగా, అత్తవారింట్లోనే అంట్లు తోముతోంది. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

"ఆరంట, ఔటంట! మేచ్చి సూసినావు కదరా, దొంగసచ్చినోడా!"

నేలలోకి దిగిపోయాను. ఆవిడ మాత్రం ఇంకాస్త చూసి టీవీ కట్టేసింది.

"ఒక్కో మొకాన్నీ ముమ్మారు సూపిస్తన్నారు. కళ్లు లాగేస్తన్నాయి. ఇలగొచ్చి కూకో. ఆ కవలలకి పేర్లేటెట్టినారు?"

తిట్టడానికి అన్ని హక్కులూ ఉండి, కథ అడిగిన మనిషికి దండం పెట్టకుండా ఉండగలమా? పెట్టాను. పేర్లూ పెట్టాను. రోజూ సాయంత్రం నేను చెప్పే కథలో ఇప్పుడు ఆ కవలలు కాలేజీకొచ్చారు. నేను మ్యాచ్ చూసి ఏళ్లయింది. అందుచేత సకల అత్తల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరి టీవీ సౌండూ తగ్గించను.